నీళ్ళు చల్లిన జింక

హజ్‌కు బయలుదేరే ముందు మావాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. తెలిసినవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి "కహా సునా మాఫ్ చేయండి" అని అడగాలి. అన్నమాటా విన్నమాటా, తెలిసి చేసిందీ తెలియక చేసిందీ, అన్నీ మన్నించమని. మా నాన్న దీని గురించి ఒక మాట చెప్పేవాడు. అల్లా విషయంలో చేసిన తప్పు అల్లా మాఫ్ చేస్తాడు, మనిషికి చేసిన తప్పు మాత్రం ఆ మనిషే మాఫ్ చేయాలి, అందులో అల్లా కూడా మధ్యలోకి రాడు అని.

నేను ముప్పై ఏళ్ళకు పైగా బడిలో సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి. లిస్టు రాయందే ఏ పనీ మొదలుపెట్టను. గీతల కాగితం మీద పేర్లన్నీ రాసుకుని, ఎర్ర పెన్ను జేబులో పెట్టుకుని మూడు వారాలు వరంగల్, హనుమకొండ, హసన్‌పర్తి తిరిగాను. మా మునగచెట్టు కొమ్మ కొట్టేశాడని ఆరేళ్ళుగా నేను మాట్లాడని పక్కింటాయన "అరె, గదేం మాట భాయ్, లోపలికి రా, చాయ్ తాగు" అన్నాడు. నేను పైకి ఫిర్యాదు రాసిన పాత హెడ్మాస్టరు ఆ ఫిర్యాదు సంగతే మర్చిపోయాడు, నేనే గుర్తు చేయాల్సి వచ్చింది. అందరూ మాఫ్ అన్నారు. వెళ్ళిన ప్రతిచోటా చాయ్ తాగడంతో కడుపులో మంట పట్టుకుందే గాని మనసు మాత్రం గాలిలో తేలింది. నా అంత మంచివాడు ఈ జిల్లాలో లేడనిపించింది.

ఒకరోజు మధ్యాహ్నం మా ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ ఆ కాగితం అడిగి తీసుకుంది. పైనుంచి కిందికి చదివింది.

"ఇందుల ఆ గొర్లన్న పేరు లేదేంది?"

"ఆ ఊరు దూరం," అన్నాను.

"మక్కా దగ్గర్నా?"

ఇక ఆమె కాయలు తుంచుకోవడంలో పడింది. ఆ సంగతి లోకంలో ఆమె ఒక్కతికే తెలుసు. నేనే చెప్పాను, చెప్పి పన్నెండేళ్ళయింది.

నా ఉద్యోగంలో తొమ్మిదేళ్ళు ఒకే ఊళ్ళో గడిచాయి. హసన్‌పర్తి నుంచి రెండు బస్సులు మారి పోవాలి. ఊరి వెనక ఇసుకరాతి గుట్ట ఉంది. గుట్ట నడుమ ఒక పెద్ద బండ చూరులా ముందుకు వచ్చి ఉంటుంది. దాని కింద ఒక తరగతి పిల్లలందరూ కూర్చునేంత నీడ. ఊరివాళ్ళు దాన్ని నీడబండ అంటారు. నేను చేరిన మొదటి ఏడే ఒక గొర్రెల కాపరి బడి గేటు దగ్గర నన్ను ఆపాడు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద, భుజాన గొంగడి, చేతిలో కర్ర.

"సార్, మీరు పాతకాలం ముచ్చట్లు చెప్తరట గద. ఒకటి చూపిస్త, రాండ్లి."

బండ కింద వెనక గోడ మీద బొమ్మలున్నాయి. మన ఆడవాళ్ళు గడపలకు పూసే ఎర్రటి జాజు రంగు. మెడ వెనక్కి తిప్పి చూస్తున్న ఒక జింక. దానికి చాలా పైన రెండు దున్నలు. చేతులు పట్టుకుని వరుసగా నిలబడిన మనుషులు. ఒక మూలన ఒక అరచేయి ముద్ర, ఆడమనిషిదో ఎదిగే పిల్లదో, చిన్నది. అప్పటికి పద్నాలుగేళ్ళుగా ఆదిమానవుని పాఠం పుస్తకంలో బొమ్మలు చూపించి చెబుతున్నాను. వాళ్ళ చేయి ఎదురుగా చూసింది అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. ఆ సంగతి దాచుకోవాల్సిన పనేమీ లేదు.

చేయి చాపబోతే ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"తాకకుండ్లి సార్. మా తాత గూడ తాకలే. అవి వాళ్ళయి."

"ఎవరివి అన్నా?"

"మనకంటే ముందుగాల్ల ఈ నీడల కూసున్నోళ్ళయి."

బొమ్మలకు దూరంగా, బండ రెండో కొసన మూడు రాళ్ళ పొయ్యి ఉంది. దాని పైన రాయి నల్లగా పొగచూరి ఉంది. వానాకాలం ఈనే గొర్రెలను ఆయన ఆ మూలకే తోలుకొచ్చేవాడు. తడిసిన గొర్రెపిల్లలను మంట దగ్గర వెచ్చగా ఉంచేవాడు. ఆయన తండ్రి, తాత చేసిందీ అదే.

బొమ్మల మీద దుమ్ము పట్టి రంగు మసకగా కనపడింది. నా దగ్గర తాగే నీళ్ళ సీసా ఉంది. దోసిట్లో పోసుకుని గోడ మీద చల్లాను. జింక ఒక్కసారిగా ఎర్రగా లేచొచ్చింది. అప్పటిదాకా కనపడని కళ్ళు, గిట్టలు, కడుపు మీద గీతలు అన్నీ బయటపడ్డాయి. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏం కాదా సార్?"

"నీళ్ళే కదా అన్నా," అన్నాను.

ఆ తర్వాత ప్రతి ఏడూ అర్ధసంవత్సరం పరీక్షలు కాగానే తొమ్మిదో తరగతిని నీడబండకు తీసుకుపోయేవాణ్ణి. అందరినీ కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమనేవాణ్ణి. గోడ మీద నీళ్ళు కొట్టి "ఇక తెరవండి" అనేవాణ్ణి. నలభై మంది పిల్లలు ఒకేసారి ఊపిరి పీల్చుకున్న చప్పుడు ఎప్పుడైనా విన్నారా? దాని ముందు ఏ సన్మానమూ పనికిరాదు. ఆ చప్పుడు కోసమే చల్లాను. పిల్లలకు చరిత్ర మీద ఆసక్తి కలగాలని చల్లానని చాలాకాలం చెప్పుకున్నాను. అది సగమే నిజం. నాకు నీడబండ సార్ అని పేరొచ్చింది. చుట్టుపక్కల బడుల పంతుళ్ళు తమ పిల్లలను తెచ్చి నన్ను పిలిపించుకునేవారు. ఒక్కో చలికాలంలో ఐదారుసార్లు ఆ గోడ తడిసేది.

ఒకసారి పేపరు నుంచి ఫోటోగ్రాఫరు వస్తున్నానని ఫోన్ చేశాడు. సీసా నీళ్ళతో గోడంతా ఒకేసారి తడవదు కదా. పత్తి రైతు ఒకాయన దగ్గర మందు కొట్టే పంపు అడిగి తెచ్చి, వీపున తగిలించుకుని గుట్టెక్కాను. గొర్లన్న అక్కడే ఉన్నాడు.

"సార్, గిది పత్తికి మందు కొట్టేది గద."

"మూడుసార్లు కడిగినన్నా. నీళ్ళే కదా."

గోడ మొత్తం అద్దంలా మెరిసింది. పంపు వాసన వస్తూనే ఉంది, నేను రానట్టే ఉన్నాను. ఫోటోలో గొర్రెలు పడుతున్నాయని ఆయన్ను పక్కకు జరగమన్నాను. జరిగాడు. మర్నాడు పేపర్లో నేను జింక వైపు వేలు చూపిస్తున్న ఫోటో పడింది. దాన్ని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, మా ముందుగదిలో తలుపుకు ఎదురుగా తగిలించాను. ఇంటికొచ్చినవాళ్ళు దాన్ని చూడకుండా కూర్చోవడానికి వీల్లేదు.

ఆ తర్వాత రెండేళ్ళకు జింక ముఖం మీద తెల్లటి పొర కనపడింది. సుద్దముక్క అడ్డంగా రుద్దినట్టు ఉంది. దుమ్మనుకుని రుమాలుతో తుడిచాను. పొర పెచ్చులుగా రుమాలుకు అంటింది. తెలుపు వెనకాలే కొంచెం ఎరుపు కూడా వచ్చింది. జింక ఎడమ కన్ను గోడ మీద లేదు.

హనుమకొండ లైబ్రరీలో వెతికితే ఒక పుస్తకంలో దొరికింది. తడిపినప్పుడల్లా రాతిలోని ఉప్పు పైకి తేలుతుందట, అది పొరకట్టి ఊడేటప్పుడు రంగును కూడా పట్టుకుపోతుందట. ఆ వాక్యం రెండుసార్లు చదివి పుస్తకం మూసేశాను. ఆ సాయంత్రమే మా ఆమెకు చెప్పాను. రుమాలు ఉతకడానికి వేయలేదు. కొన్నాళ్ళు బీరువాలో పెట్టి, తర్వాత పారేశాను.

బొమ్మలు చెడిపోతున్నాయని ఎవరో పేపరుకు రాశారు. పురావస్తు శాఖ నుంచి నలుగురు అధికారులు జీపులో వచ్చారు. దారి చూపించమని హెడ్మాస్టరు నన్నే పంపాడు. వాళ్ళలో పెద్దాయన తల పైకెత్తి, పొగచూరిన మూలను చూశాడు.

"ఇక్కడ మంటలు ఎవరు వేస్తారు?"

గొర్లన్న మందతో అక్కడే నిలబడి ఉన్నాడు. "మేమే సార్, వానకాలంల," అన్నాడు. అబద్ధం చెప్పాలని ఆయనకు తట్టనే లేదు.

"ఇంకేముంది, ఈ పొగే చంపింది బొమ్మల్ని," అని పెద్దాయన నా వైపు తిరిగాడు. "ఏమంటారు సార్?"

పొగ నల్లగా ఉంటుంది. జింక మీద ఉన్నది తెల్లగా ఉంది. పొయ్యి ఒక మూలన, బొమ్మలు ఇంకో మూలన. నా తొమ్మిదో తరగతి పిల్లల్లో వెనక బెంచీవాడైనా చెప్పగలిగిన జవాబు అది. గొర్లన్న అధికారులను చూడటం లేదు, నన్ను చూస్తున్నాడు.

"పొగ కూడా ఒక కారణం కావచ్చు సార్," అన్నాను.

ఆ 'కూడా' అన్నమాటతో చాలా ఏళ్ళు నన్ను నేను ఓదార్చుకున్నాను. పూర్తి అబద్ధం చెప్పలేదు కదా అని. నా భయమల్లా ఉద్యోగం గురించి, అంతకంటే ఎక్కువగా పేరు గురించి. నీడబండ సారే నీడబండను పాడుచేశాడని పిల్లలకు తెలిస్తే ఏం ముఖం పెట్టుకుని పాఠం చెప్పాలి?

అంతటితో అయిపోలేదు. అక్కడ పెట్టే బోర్డుకు నాలుగు ముక్కలు రాసిమ్మన్నారు, మీ తెలుగు బాగుంటుందట కదా అని. రాసిచ్చాను. మూడో వరుస ఇది: 'గొర్రెల కాపరులు ఇచ్చట మంటలు వేయుట వలన ఈ చిత్రములు దెబ్బతిన్నవి.' ఇక్కడ నాకు 'కూడా' గుర్తుకు రాలేదు. పెయింటరు 'చిత్రములు' తప్పు రాస్తే దగ్గరుండి దిద్దించాను. ఈ సంగతీ మా ఆమె ఒక్కతికే చెప్పాను.

నీడబండ చుట్టూ ఇనుప కంచె వేసి గేటుకు తాళం పెట్టారు. ఆ జూన్‌లోనే నాకు నెక్కొండ దిక్కు బదిలీ అయింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ వానాకాలం ముసురు పట్టి ఐదు రోజులు వదల్లేదు. తర్వాత నెక్కొండ స్టేషన్‌లో పాత విద్యార్థి ఒకడు కనపడి ఊరి కబుర్లు చెప్పాడు. నీడబండ లేక గొర్లన్న బయట టార్పాలిన్ కట్టి మందను పెట్టాడట. చలికి పదకొండు గొర్రెపిల్లలు చచ్చిపోయాయట. ఆ దసరాకే మంద అమ్మేశాడట. "అయ్యో పాపం" అన్నాను. ఎవరో మూడోమనిషి చేసిన పనికి జాలిపడినట్టు అన్నాను. రైలు రాగానే ఎక్కి కూర్చున్నాను.

అందుకే నా లిస్టులో ఆ పేరు లేదు. మా ఆమె ఆ మాటన్న మర్నాడు కాగితం చివర ఆయన పేరు రాసి, ఒక డబ్బా ఖర్జూరం తీసుకుని బస్సెక్కాను.

ఆయన వాకిట్లో గొంగడి పరుచుకుని కూర్చున్నాడు. గుంజకు రెండు మేకలు కట్టేసి ఉన్నాయి. మంద అంటే ఇప్పుడు అదే. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

"నెత్తంత తెల్లగైంది గద సార్. కూసోండ్లి."

హజ్‌కు పోతున్నానన్నాను. "మంచిది, మంచిది" అన్నాడు. నేను "కహా సునా" అని మొదలుపెట్టేసరికి చేయి అడ్డంపెట్టాడు.

"చాయ్ తాగుండ్లి. తాగినంక గుట్ట దాంక పోయొద్దాం. నేను గాడికి పోక శానేండ్లాయె."

ఇద్దరివీ ముసలి మోకాళ్ళు. ఆగి ఆగి ఎక్కాం. కంచె ఒకచోట తెగి ఉంది, అయినా లోపలికి పోదామని ఆయనా అనలేదు, నేనూ అనలేదు. ఆయన తిన్నగా బోర్డు ముందుకు పోయి నిలబడ్డాడు. నీలం రంగు వెలిసి, రేకు అంచులు తుప్పు పట్టాయి. అక్షరాలు మాత్రం బాగానే ఉన్నాయి.

"కండ్లద్దాలు తెచ్చుకున్నరా సార్?"

"తెచ్చుకున్న."

"గిది జర చదువుండ్లి."

మొదటి వరుస చదివాను, ఇది ప్రాచీన మానవుల నివాసమని. రెండో వరుస చదివాను, ఈ చిత్రాలు మన అందరి సంపద అని. మూడోది దాటేసి నాలుగో వరుస చదివాను, తాకరాదు అని.

ఆయన కర్ర పైకెత్తి, దాని కొసను రేకు మీద మూడో వరుస మొదటి అక్షరం దగ్గర ఆనించాడు.

"గిది ఇడిసిపెట్టిండ్లు."

నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను.

"నాకు అక్షరం రాదు సార్. గని గీ వరుస ఏడున్నదో ఎరుక." కర్రను మెల్లగా ఆ వరుస చివరిదాకా జరిపాడు. "గిక్కడికెల్లి గిక్కడి దాంక మేమే. మూడో వరుస అని నా మనుమరాలు చెప్పింది. నిరుడు బడి పిల్లలను తోల్కొచ్చిండ్లు. అందరు గల్సి బోర్డు సదివిండ్లట. సదివి, అందరు దాని మొఖం జూసిండ్లట. ఇంటికొచ్చి అన్నం తినలే. తాతా, నువ్వేనా అని అడిగింది."

"నువ్వేమన్నవ్ అన్నా?"

"ఏమంట సార్? సార్లు అబద్ధం రాస్తరని పిల్లకెట్ల చెప్పాలె? అది తెల్లారి మల్ల బడికి పోవాలె గద."

అక్కడే ఒక రాయి మీద కూర్చున్నాను. అంతా చెప్పాను. నీళ్ళు, పంపు, రుమాలు, లైబ్రరీ పుస్తకం, బోర్డు. ఏదీ దాచలేదు. ఆయన వింటూ దూరంగా నీడబండ వైపు చూశాడు.

"ఎరుకే సార్. మీరు చల్లినకాడనే తెల్లగైంది. దున్నలు పైనుండె, మీ నీళ్ళు అందకపోయె. అవి ఇప్పటికి గట్లనే ఎర్రగున్నయని మా పిల్ల చెప్పింది."

"మరి ఆ రోజు వాళ్ళ ముందర ఎందుకు చెప్పలేదన్నా?"

"మీరు చెప్తరనుకున్న."

ఆ మాటలో కోపం లేదు. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి.

"మాఫ్ చెయ్యన్నా," అన్నాను.

"నేను జేస్తే గీ వరుస పోతదా సార్? ముందుగాల్ల గిది తీపియ్యుండ్లి. పిల్లను తోల్కొచ్చి సదివిపిస్త. గప్పుడు అడుగుండ్లి."

"మక్కా పోయే లోపలే అడగాలె అన్నా," అన్నాను. అన్నాక సిగ్గుతో చచ్చిపోయాను. అంత విన్నాక కూడా నా ప్రయాణం సంగతే నాకు ముందుకొచ్చింది.

"గట్లనా. అయితే జల్ది తీపియ్యుండ్లి," అన్నాడు.

మర్నాడే రెండు పేజీల ఉత్తరం రాసుకుని పురావస్తు శాఖ ఆఫీసుకు పోయాను. అప్పటి పెద్దాయన రిటైరై ఎక్కడికో వెళ్ళిపోయాడు. సెక్షన్ క్లర్కు పాత ఫైలు వెతికి తీసి, నా ఉత్తరం, ఫైలు పక్కపక్కన పెట్టుకుని చదివాడు.

"సార్, అప్పట్ల పొగ అని రాసిచ్చింది మీరే గద. ఇప్పుడు నీళ్ళంటాన్రు. ఆధారం ఏమన్న ఉన్నదా?"

ఇంటికొచ్చి ముందుగదిలో కూర్చున్నాను. ఎదురుగా ఆధారం ఫ్రేములో ఉంది. గోడ తళతళ మెరుస్తోంది. జింక కాళ్ళ కింద నుంచి నీళ్ళు చారలుగా కారుతున్నాయి. నా బూట్ల దగ్గర పంపు గొట్టం కొస కూడా పడింది. ఇన్నేళ్ళలో ఎంతమంది చుట్టాలకు, ఎంతమంది పాత విద్యార్థులకు చూపించానో. కుర్చీ వేసుకుని మేకు నుంచి దించాను. మా ఆమె దుమ్ము తుడవడానికి గుడ్డ తెచ్చిచ్చింది.

ఆఫీసులో ఆ ఫోటో తీసుకుని రసీదు ఇచ్చారు. పై నుంచి ఆర్డరు రావాలి, టైం పడుతుందన్నారు. నా ప్రయాణం రోజు వచ్చింది గాని ఆర్డరు రాలేదు. వాకిట్లో చుట్టాలు మెడ నిండా పూలదండలు వేశారు. మాకోసం దువా చేయండని ఒక్కొక్కరూ చేతులు పట్టుకున్నారు. మునగచెట్టు పక్కింటాయన కళ్ళు తుడుచుకున్నాడు. లిస్టు చొక్కా జేబులోనే ఉంది. అన్ని పేర్లకూ ఎర్ర టిక్కులున్నాయి, చివరి పేరుకు లేదు. కాబా ముందు నిలబడి ఏడ్చినప్పుడు కూడా మా నాన్న చెప్పిన మాటే గుర్తొచ్చింది. ఏం అడగాలో తెలియక, గొర్లన్న మనుమరాలు బాగా చదువుకోవాలని అడిగాను.

వచ్చి నాలుగు నెలలైంది. వీధిలో అందరూ హాజీ సాబ్ అంటున్నారు. పిలిచినప్పుడల్లా ఎవరినో అనుకుంటాను. ప్రతి నెలా మొదటి వారం ఆఫీసుకు పోయి ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కుంటున్నాను. క్లర్కు ఇప్పుడు నన్ను చూడగానే కుర్చీ వేస్తాడు.

ఫోటో దించినచోట గోడ మీద తెల్లటి మచ్చ మిగిలింది. వచ్చినవాళ్ళ కన్ను దాని మీదికే పోతోంది, సున్నం వేయిద్దామని మా ఆమె అంటోంది. బోర్డు మారేదాకా వద్దన్నాను.